బీడీలకు లెక్కున్నది, అవ్వ జాగారానికి లెక్కేది?

మా అవ్వ ఇప్పటికీ రాత్రి రెండు గంటలకు లేస్తది. లేసి పక్క మంచం మీదికి చెయ్యి సాపుతది. అక్కడ ఎవ్వలు లేరు. మా బాపు సచ్చిపోయి ఐదేండ్లు దాటింది. అయినా రెండు కొట్టంగనే ఆమె కండ్లు వాటంతట అవే తెరుసుకుంటయి. ఎందుకంటె తొమ్మిదేండ్లు గదే టైముకు లేసి బాపును పక్కకు తిప్పింది, ఉచ్చ డబ్బ పట్టింది, దుప్పటి సదిరింది. పెయ్యికి అలవాటైంది. మనిషి పోయినా పెయ్యి మర్సిపోతలేదు.

బాపుకు పార్కిన్సన్స్. ఊర్ల వణుకుడు రోగం అన్నరు, కొందరు వాతం అన్నరు, ఒకరిద్దరు మంత్రం అన్నరు. ఏప్రిల్ 11 వస్తే ప్రపంచ పార్కిన్సన్స్ దినం అని టీవీలల్ల డాక్టర్లు కూసుంటరు. 1817ల ఈ రోగం గురించి మొదట సక్కగ రాసిన ఇంగ్లాండ్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ పుట్టిన రోజు అది. కొత్త మందులు, మెదడుల తీగలు పెట్టే ఆపరేషన్లు, అన్నీ చెప్తరు. మంచి ముచ్చటే. గానీ రోగి భుజం పట్టుకోని తెచ్చి కుర్సీల కూసోబెట్టిన మనిషి ఉంటది కదా, ఆమెను ఫోటోల పడకుంట పక్కకు జరుగుమంటరు. ఇయ్యాల ఆ పక్కకు జరిగిన మనిషి గురించి రాస్తున్న.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ముందుగాల ఈ రోగం అంటే ఏందో తెలుసుకోవాలె. లేకపోతే దాని పక్కన బతికేటోళ్ల గోస సమజ్ కాదు. మన మెదడుల డోపమైన్ అనే రసాయనం తయారు చేసే కణాలుంటయి. చెయ్యి కాలు మనం అనుకున్నట్టు ఆడాలంటే అది ఉండాలె. పార్కిన్సన్స్ల ఆ కణాలు ఒక్కొక్కటి సచ్చిపోతుంటయి. వణుకుడు మనకు కండ్లకు కనపడే ముచ్చట, అంతే. కొందరికైతే వణుకుడే ఉండదు. పెయ్యి కట్టె లెక్క బిగుసుకపోతది, నడక సన్నగైతది, గొంతు లోపటికి పోతది, వాసన తెల్వదు, మలబద్ధకం వస్తది, నిద్రల కాళ్లు చేతులు కొట్టుకుంటరు, ఒర్లుతరు. వాసన పోవుడు, నిద్రల ఒర్లుడు చానామందికి వణుకుడు కంటె ఏండ్ల ముందుగాలనే మొదలైతయి.

మా బాపుకు మొదట బయటపడింది బ్యాంకుల. క్రాప్ లోను రెన్యువల్ కాయితం మీద సంతకం కలుస్తలేదని వాపస్ పంపిన్రు. మూడుసార్లు చేయించిన్రు. మూడుసార్లూ అక్షరాలు చీమల బారు లెక్క సన్నగైకుంట పోయినయి. కౌంటర్ల ఉన్నాయన "పొద్దుగాలనే తాగొచ్చినవా పెద్దమనిషీ" అన్నడు. బాపు జిందగీల కల్లు తప్ప ఇంకోటి ముట్టనోడు, అది కూడ పండుగకే. అక్షరాలు సన్నగైతుండుడు ఈ రోగం గుర్తు అని ఏడాది తర్వాత పట్నంల డాక్టరు చెప్పిండు. ఆ ఏడాది అంత మేము నరాల బలానికి సూదులు ఇప్పిచ్చుకుంట తిరిగినం.

ఇగ అవ్వ సంగతి. మా అవ్వ బీడీలు చేస్తది. మా దిక్కు సగం ఆడోళ్ల బతుకు చాట మీదనే. పొద్దంత కూసుంటే ఎనిమిది వందలు చుట్టేది. బాపు రోగం ముదిరినంక ఐదు వందలైనయి, తర్వాత మూడు వందలు. ఆఖరు రెండేండ్లు కార్ఖానకు పోవుడే బందయింది. బీడీకి లెక్కుంటది. వెయ్యికి ఇంత అని రేటుంటది, ఆకు తక్కువొస్తె కొట్లాటుంటది, పీఎఫ్ పుస్తకం ఉంటది. చుట్టకుంట పోయిన ఐదు వందల బీడీల జాగల ఆమె ఏం చేసింది? దానికి రేటు లేదు, పుస్తకం లేదు, దాన్ని పని అని కూడ ఎవ్వలు అనలే.

ఏం చేసిందో నేను చెప్త. బాపు వాడే గోలీ లెవోడోపా. మన దగ్గర సిండోపా పేరు మీద ఎక్కువ దొరుకుతది. అది కడుపుల పప్పు, గుడ్డు, పాలు ఉన్నప్పుడు పోతే సక్కగ పట్టదు. తిండికి అరగంట ముందో, తిన్నంక గంట తర్వాతో ఎయ్యాలె. రోజుకు నాలుగు సార్లు. ఆరు, పది, రెండు, మళ్ల ఆరు. సదువు రాని అవ్వ గోడ మీద బొగ్గుతోని నాలుగు సూర్యుండ్లను గీసి పెట్టుకున్నది, ఎండ ఏ మూలకు వస్తె ఏ గోలీనో అని. అన్నం టైమును గోలీ టైము చుట్టు తిప్పింది. తన అన్నం టైము ఎటు పోయిందో పట్టించుకోలే.

బాపు గడప కాడికి రాంగనే ఆగిపోయేటోడు. కాళ్లు నేలకు మేకులు కొట్టినట్టు. ఇది ఈ రోగంల చానామందికి ఉంటది; ఇరుకు తోవ, తలుపు సందు, తిరిగే మూల వస్తె కాళ్లు ఆగుతయి. గుంజితే పడిపోతరు. అవ్వకు ఎవ్వలు చెప్పలే గానీ, ఒక పండుగ నాడు ఆమె కనిపెట్టింది: గడప ముందట ఏసిన ముగ్గు గీతలను చూసి బాపు దాటుకుంట నడిసిండు. ఆ రోజు నుంచి ఇంట్ల మంచం కాడి నుంచి బాత్రూం దాక అడుగడుగుకు ముగ్గుపిండితోని అడ్డగీతలు. రోజు తుడుసుడు, రోజు గీసుడు. చానా ఏండ్ల తర్వాత ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకామె నాతోని అన్నది, ఇది వాళ్ల పుస్తకాలల్ల ఉన్న పద్ధతేనట. నేల మీద గీతలు పెడ్తె మెదడు వేరే తోవ దొరకబట్టుకుంటదట. అవ్వ సొంతంగ కనిపెట్టింది. ఊర్ల ఆడోళ్లేమో "ముసల్దానికి గీతల పిచ్చి లేసింది" అన్నరు.

పెయ్యి కష్టం ఒక ఎత్తు. అసలు గోస వేరే ఉన్నది. పార్కిన్సన్స్ల మొఖం కండరాలు కూడ బిగుస్తయి. నవ్వు రాదు, కోపం కనపడదు, రెప్ప కూడ తక్కువ కొడ్తరు. లోపట మనిషి అట్లనే ఉంటడు, బయటికి మాత్రం మొఖం గోడ లెక్క అయితది. ముప్పై ఐదేండ్లు కాపురం చేసిన ఆడిది రోజు బువ్వ తినిపిచ్చుకుంట ఆ గోడను చూడాలె. "ఉప్పు సరిపోయిందా అంటె కూడ మొఖంల ఏం కదలకపోయేది బిడ్డా, నా మీద అలిగిండేమో అనుకున్న రెండేండ్లు" అని అవ్వ మొన్న చెప్పింది. రెండేండ్లు! అది అలక కాదు, రోగమని ఒక్క డాక్టరన్న, ఒక్క నర్సన్న రెండు నిమిషాలు కూసోబెట్టి చెప్తె అయిపోవు కదా.

ఇంకొకటి రాయాల్నా వద్దా అని మస్తు ఆలోచించిన. అవ్వనే రాయుమన్నది. ఆఖరు రోజులల్ల బాపుకు లేని మనుషులు కనపడేటోళ్లు. ఎన్నడో సచ్చిపోయిన వాళ్లన్న వచ్చి వాకిట్ల కూసున్నడనేటోడు. అది నడిసింది. తర్వాత అవ్వ మీద అనుమానం మొదలుపెట్టిండు. అరవై ఏండ్ల ఆడిది పాలు పోసే పిలగానితోని మాట్లాడితె పేర్లు పెట్టి తిట్టిండు. గల్లీ అంత విన్నది. లేని మనుషులు కనపడుడు, ఇట్ల అనుమానం పుట్టుడు ఈ రోగంతోని రావచ్చు, గోలీల డోసు తోని కూడ రావచ్చు. డాక్టరుకు చెప్తె మందులు సదురుతరు. మేం చెప్పలే. సిగ్గుతోని చెప్పలే. అవ్వ ఎనిమిది నెలలు ఆ మాటలు పడ్డది. పొద్దుగాల తిట్టు తిని, పదింటికి గోలీ ఇచ్చింది.

అప్పుడు నేనేడున్న? అడుగుండ్రి, అడగాల్సిందే. నేను బీడీ కార్మికుల జీవనభృతి కోసం మండలాఫీసు ముందట టెంటు కింద మైకు పట్టుకోని ఉన్న. ఆడోళ్ల శ్రమకు విలువ కట్టాలె అని గంట సేపు మాట్లాడేటోన్ని. చప్పట్లు కొట్టేటోళ్లు. రాత్రి ఇంటికి పోతె అవ్వ లేసి నాక్కూడ అన్నం పెట్టేది. ఆ మైకు ముచ్చట యాదికొస్తె ఇప్పటికీ తల వంగుతది.

ఇది మా ఒక్కింటి కథనా? కాదు. కేంద్ర సర్కారు 2024ల దేశమంత జనాల టైము వాడకం సర్వే చేసింది. 15 నుంచి 59 ఏండ్ల ఆడోళ్లల్ల 41 శాతం మంది ఇంట్లోళ్లను సూసుకునే పని చేస్తున్నరు. అదే వయసు మొగోళ్లల్ల 21.4 శాతం. చేసేటోళ్లల్ల కూడ ఆడోళ్లు రోజుకు 140 నిమిషాలు, మొగోళ్లు 74 నిమిషాలు. పిల్లలను సూసుకునుడు కూడ ఇండ్లనే ఉన్నది. మా అవ్వ అసొంటోళ్లు, అరవై దాటి మొగన్ని మోసేటోళ్లు, ఈ వయసు లెక్కల ఉండనే ఉండరు. నేను ఆ 21.4ల లేను, అది వేరే సంగతి.

సూసుకునేటోళ్ల పెయ్యికి ఏమైతదో పరిశోధనలు జరిగినయి. మతిమరుపు రోగమున్నోళ్లను ఇంట్ల సూసుకునే 13 మంది ఆడోళ్ల మీద అమెరికాల ఒహాయో డాక్టర్లు చేసిన పని 1995ల లాన్సెట్ పత్రికల వచ్చింది. ముంజేతి మీద చిన్న గాయం చేసి ఎన్ని రోజులల్ల మానుతదో చూసిన్రు. ఏ బరువు లేని అదే వయసు ఆడోళ్లకంటె వీళ్లకు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. రంధి అంటే మనసుల ముచ్చట అనుకుంటం కదా, తోలు మీది గాయానికి కూడ అది తెలుస్తది. 1999ల ఇంకో అధ్యయనం వచ్చింది. ముసలి వయసుల పెనిమిటినో భార్యనో సూసుకుంట ఒత్తిడిల ఉన్నోళ్లు నాలుగేండ్లల్ల సచ్చిపోయే ప్రమాదం, అట్ల సూసుకునే పని లేనోళ్లకంటె 63 శాతం ఎక్కువని తేలింది.

అవ్వకు బీపీ ఉన్నదని మాకు ఎప్పుడు తెలిసింది? బాపు దినాలనాడు, కండ్లు తిరిగి పడ్డప్పుడు. ఎడమ కంటికి శుక్లం మూడేండ్ల నుంచి ఉన్నది. "ఆపరేషన్ చేస్తె వంగొద్దంటరు, వంగకుంట మీ బాపును ఎట్ల లేపాలె" అని ఆపుకున్నది.

సూసుకునేటోళ్ల బరువు కొలిసేటందుకు జారిట్ అనే ఆయన తయారు చేసిన 22 ప్రశ్నల కాయితం ఉన్నది. నీకోసం టైము మిగుల్తుందా, పానం దెబ్బతింటున్నదా, పైసలు సరిపోతున్నయా, ఇసొంటియే. ఒక్కో ప్రశ్నకు సున్న నుంచి నాలుగు దాక మార్కులు, మొత్తం 88. పది పదిహేను నిమిషాల పని. ఆశమ్మ ఇంటింటికొచ్చి బీపీ, షుగరు చూస్తున్నప్పుడు ఇది అడగరాదా? కాకపోతె ఆశమ్మల నెత్తి మీద ఇప్పటికే ఎన్ని పనులున్నయో నాకెరుకే. ఇంకో పని పెడ్తె దానికి పైసలియ్యాలె. ఉత్తగ చేసే ఆడోళ్ల కష్టం తీర్చనీకి ఇంకో ఆడిదాన్ని ఉత్తగ తిప్పుడు అన్యాయం.

ఇగ సర్కారు కాడికి వద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 రకాల వైకల్యాలున్నయి. పార్కిన్సన్స్ పేరు పెట్టి మరీ రాసిన్రు. అదే చట్టంల సంరక్షకులు అంటే ఎవరో కూడ ఉన్నది: పైసలు తీసుకోని గానీ తీసుకోకుంట గానీ సూసుకునేటోళ్లు, అండ్ల తల్లిదండ్రులు, ఇంట్లోళ్లు కూడ. 24వ సెక్షన్ల ఎక్కువ ఆసరా అవసరమున్నోళ్లకు సంరక్షకుల భత్యం ఇచ్చే స్కీము పెట్టాలని ఉన్నది. సదివి నేను ఎగిరి గంతేసిన. మళ్ల సదివితె మొదటి లైన్లనే తాళం కనపడ్డది: సర్కారు తన ఆర్థిక శక్తి మేరకు అని. ఆ ఒక్క ముక్కతోని హక్కు కాస్త దయ అయికూసున్నది.

ఇంకో చట్టం చూడుండ్రి. 2007ల తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ముసలోళ్లను వదిలేస్తె మూడు నెలల దాక జైలు. మంచిదే, వదిలేసేటోళ్లు ఉన్నరు. మరి వదలకుంట తొమ్మిదేండ్లు పట్టుకున్నోళ్లకు అండ్ల ఏమున్నది? ఏం లేదు.

పింఛను ముచ్చట ఇంకా వింత. వికలాంగుల పింఛను కావాలంటె 40 శాతం సర్టిఫికెట్ ఉండాలె. బాపును 2018ల క్యాంపుకు తీస్కపోయినం. బస్సెక్కాలె కదా అని అవ్వ పొద్దుగాల టైముకు గోలీ ఇచ్చింది. ఈ మందుతోని తిప్పలేందంటె, అది పనిచేసే రెండు మూడు గంటలు మనిషి నడుస్తడు, మాట్లాడుతడు; దిగిపోయినంక మళ్ల కట్టె. క్యాంపుల డాక్టరు ముందట బాపు పది అడుగులు ఏసిండు. "నడుస్తున్నడు కదమ్మా" అన్నరు. 30 శాతం రాసిన్రు. వాపసొచ్చేటప్పుడు బస్సు దిగనీకి నలుగురం పట్టినం. అవ్వ అన్నది, "గోలీ ఇయ్యకుంట తీసుకపోతె అయిపోవు." అంటే ఆమె సక్కగ సూసుకునుడే మాకు పింఛను రాకుంట చేసింది. రోజుల పొద్దుకు ఒక తీర్గ, మాపుకు ఒక తీర్గ ఉండే రోగాన్ని ఐదు నిమిషాలు చూసి శాతం ఎట్ల ఏస్తరు? ఇంట్లోళ్లు ఫోన్ల తీసిన వీడియో చూడరాదా? సూసుకునేటోళ్లను రెండు ప్రశ్నలు అడగరాదా?

తెలంగాణల వికలాంగుల పింఛను 2023ల 4,016 చేసిన్రు. ఆ ఏడాది ఎలక్షన్లల్ల ఆరు వేలు ఇస్తమని కాంగ్రెస్ మాటిచ్చింది. ఆంధ్రల 2024 నుంచి వికలాంగులకు 6,000, పూర్తిగ మంచానికో చక్రాల కుర్సీకో పరిమితమైన పక్షవాతం, కండరాల క్షీణత అసొంటోళ్లకు 15,000. ఆ పదిహేను వేల వెనుక ఒక మంచి ఆలోచన ఉన్నది, మంచాన ఉన్న మనిషికి ఇంకో మనిషి కావాలె అని. కానీ ఆ వరుసల పార్కిన్సన్స్ పేరు లేదు. ఆఖరు దశల పార్కిన్సన్స్ మనిషికి, పక్షవాతం మనిషికి ఎత్తి కూసోబెట్టేటందుకు ఏం తేడా ఉంటదో నాకైతే తెల్వదు.

కేరళల ఆశ్వాసకిరణం అని ఉన్నది. మంచాన పడ్డోళ్లను ఇంట్ల సూసుకునేటోళ్ల పేరు మీద నెలకు 600. అవి కూడ టైముకు వస్తలేవని అక్కడ కొట్లాట నడిసింది. ఆరు వందలకు ఏమొస్తయి, డైపర్లు కూడ రావు. గానీ సర్కారు కాయితంల ఆమె పేరు పడ్డది. అంతకంటె పెద్ద పని వాళ్లది పాలియేటివ్ కేర్. 1993ల కోజికోడ్ల కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన్రు, ఊరోళ్లే వాలంటీర్లయిన్రు, 2008ల రాష్ట్ర సర్కారు పాలసీ చేసింది. పంచాయతీ నుంచి నర్సమ్మ ఇంటికొస్తది. తెలంగాణల కూడ జిల్లా కేంద్రాలల్ల పాలియేటివ్ సెంటర్లు పెట్టిన్రు, ఇండ్లకు పోయే బండ్లున్నయి. మీ జిల్లా దవాఖానల అడుగుండ్రి. మేము క్యాన్సరోళ్లకే అనుకోని అడగలే, అది మా తప్పు.

ఇంకో రెండు ముచ్చట్లు, మీకు పనికొస్తయి. ఒకటి, ఈ గోలీలను ఎవరో చెప్పిన్రని ఒక్కసారి బందు పెట్టొద్దు, పానం మీదికొస్తది. రెండు, వాంతులైతున్నయంటె ఊర్ల వేసే మెటోక్లోప్రమైడ్ సూది ఈ రోగానికి శత్రువు; డోపమైన్‌నే అడ్డుకుంటది. బాపుకు ఏసినంక మూడు రోజులు మెడ తిప్పలేకపోయిండు. చీటీ మీద పెద్ద అక్షరాలతోని రాసి గోడకు అంటివెట్టుండ్రి.

గడ్డిమందు గురించి అడిగేటోళ్లున్నరు. పారాక్వాట్ అసొంటి మందులకు, పార్కిన్సన్స్‌కు సంబంధం ఉన్నట్టు చాన పరిశోధనలు చెప్తున్నయి. యూరప్ల పారాక్వాట్ 2007లనే ఆగిపోయింది. పురుగుమందుల నడుమ పనిచేసిన రైతుకు పార్కిన్సన్స్ వస్తె అది పని తోని వచ్చిన రోగమే అని ఫ్రాన్స్ 2012ల ఒప్పుకున్నది. మా బాపు ఇరవై ఏండ్లు మొఖానికి గుడ్డ లేకుంట మందు కొట్టిండు. దాంతోనే వచ్చిందని నేను చెప్పలేను. కానీ అట్ల రావచ్చని తెలిసిన దేశాలు ఆ రైతుకు పైసలిస్తున్నయి. ఈడ ఆ బరువు ఆయన పెండ్లాం మోస్తున్నది. దీని మీద ఇంకోసారి వివరంగ రాస్త.

మన కాడ ఇంకో రోగమున్నది, పొగుడుడు. "మహాతల్లి, మొగన్ని పసిపిల్లగాని లెక్క సాకింది, పుణ్యాత్మురాలు" అని అవ్వను అందరు పొగిడిన్రు. ఎవ్వలు కూడ ఒక పూట వచ్చి కూసోలే. దేవతను చేసినంక ఇగ ఆమె అలసిపోవద్దు, యాష్టపడొద్దు, కోపానికి రావొద్దు. ఒకసారి అవ్వ బాపు చెంప మీద కొట్టింది. మింగకుంట నోట్ల అన్నం పెట్టుకోని గంట సేపు కూసున్నడు, అప్పటికి మూడు రాత్రుల నుంచి నిద్రలేదు. కొట్టి, పొయ్యికాడ కూసోని ఏడ్సింది. ఆ సంగతి ఆరేండ్లు కడుపుల పెట్టుకున్నది. నాకు చెప్పి "నాకు పాపం తాకుతదా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె. బాపు గొంతు కూడ పాడైంది కదా, మింగరాకనే అట్ల ఉన్నడు, నువ్వు నిద్రలేక అట్ల చేసినవు, ఇద్దరి తప్పు లేదన్న. నమ్మిందో లేదో.

మా పక్కింట్ల ఒక కోడలున్నది. ఇరవై మూడేండ్లు, డిగ్రీ సదివింది. భర్త దుబాయ్ల. మామకు చెయ్యి వణుకుతున్నదని పోయిన ఏడాది బయటపడ్డది. గ్రూపుల కోచింగుకు పోదామనుకున్న పిల్ల ఇప్పుడు గోలీల టైము చూస్తున్నది. అవ్వ కాడికొచ్చి అన్నీ అడుగుతది. అవ్వ ఆమెకు ముగ్గు గీతల సంగతి చెప్పింది, పప్పు సంగతి చెప్పింది. "నీ మొగనికి ఫోన్ చేసి చెప్పు, పైసలు పంపుడు ఒక్కటే సూసుకునుడు కాదని" అని కూడ చెప్పింది. ఆ మాట నాక్కూడ తాకింది.

వచ్చే గ్రామసభల మేము ఒక కాయితం పెడ్తున్నం. 24వ సెక్షన్ కింద సంరక్షకుల భత్యం, సర్టిఫికెట్ క్యాంపుల రెండు పూటల పరీక్ష, మండలానికి నెలకొకసారి ఫిజియోథెరపీ. మూడు రాసి అవ్వకు సదివి వినిపిచ్చిన. చాట ముందట కూసోని ఆకు కత్తిరించుకుంట విన్నది. కంటి ఆపరేషన్ అయినంక మళ్ల రెండు వందలు చుడుతున్నది. ఇంకోటి రాయి అన్నది.

"నా తమ్ముని బిడ్డ పెండ్లికి నేను పోలే. మా అమ్మ సచ్చిపోతె కట్టె కాలకముందే వాపసొచ్చిన. నెలకు ఒక్కదినం ఎవలన్న ఇంటికొచ్చి కూసుంటె బాగుండు అని రాయి. పైసల తర్వాత కాదు, దాన్ని మొదటి నంబరు ఎయ్యి."

మొదటి నంబరు అదే ఏసిన.